ప్లీడరు గారికో ఉత్తరం: ఉరిశిక్ష పడింది సరే, ఆ తర్వాత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెద్ద కేసుల మీదే ఉన్నాయి. చెక్ బౌన్సులు, గెట్టు తగాదాల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మీకే. చిత్తూరు కోర్టుల్లో చాలా ఏళ్లు ప్రాసిక్యూషన్ తరఫున వాదించినవాణ్ని. నా జవాబుల్లో ఆ వాసన కొంచెం తగులుతుంది, ముందే చెప్తున్నా.

ప్రశ్న: మా మేయర్ అనురాధ గారినీ, ఆమె భర్త మోహన్ గారినీ కార్పొరేషన్ ఆఫీసులోనే చంపేస్తే తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది. ఐదుగురికి ఉరి అన్నారు. ఇప్పుడు మళ్లీ హైకోర్టు అంటున్నారు. చిత్తూరు కోర్టు చెప్పింది చాలదా?
– ఒక పాఠకుడు, మిట్టూరు, చిత్తూరు

జవాబు: 2015 నవంబర్ 17 గురించి చిత్తూరు వాళ్లకు ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేదు. పట్టపగలు, జనం అర్జీలు పట్టుకొని తిరిగే ఆఫీసులోకి బురఖాలు వేసుకొని వచ్చి మరీ చేసిన హత్యలవి. 23 మందిని నిందితులుగా చేర్చారు. 2025 అక్టోబర్‌లో కోర్టు ఐదుగురి మీద నేరం రుజువైందని మరణశిక్ష వేసింది. అందులో మొదటి ముద్దాయి మోహన్ మేనల్లుడే.

మరణశిక్ష ఒక్కటి మాత్రం సెషన్స్ కోర్టుతో పూర్తి కాదు. కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం, అంటే పాత సీఆర్‌పీసీలో 366, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 407 సెక్షన్ ప్రకారం ఫైలు మొత్తం హైకోర్టుకు పోవాల్సిందే. ముద్దాయి అప్పీలు చేసుకున్నా, చేసుకోకపోయినా పోతుంది. అక్కడ కనీసం ఇద్దరు జడ్జీలు మొదటి కాగితం నుంచి సాక్ష్యమంతా మళ్లీ చూస్తారు. శిక్షను ఖాయం చేయొచ్చు, యావజ్జీవంగా మార్చొచ్చు, కేసే కొట్టేయొచ్చు. దాని పైన సుప్రీంకోర్టు, ఆపైన రివ్యూ, చివరికి రాష్ట్రపతి క్షమాభిక్ష. యావజ్జీవమే మామూలు శిక్ష, ఉరి అనేది అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే అని 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ మెట్లన్నీ ఎక్కేసరికి ఏమవుతుందో చెప్పాలంటే చిలకలూరిపేట బస్సు దహనం కేసు ఉంది. 1993 మార్చిలో దోపిడీ కోసం బస్సులో పెట్రోలు పోసి నిప్పంటిస్తే 23 మంది కాలిపోయారు. ఇద్దరికి ఉరి పడింది. పై కోర్టులూ ఖాయం చేశాయి. 1997 మార్చిలో తేదీ కూడా పెట్టాక ఆఖరి గడియలో స్టే వచ్చింది. మరుసటి ఏడు రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అంతదాకా వచ్చినవాళ్లే ఉరి ఎక్కలేదు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో చివరి ఉరి 1976 నాటి మాట. కాబట్టి 'ఉరి వేశారు' అని పేపర్లో చదివితే, ఆ ఫైలు అప్పుడే ప్రయాణం మొదలుపెట్టిందని అనుకోండి.

ఇక పదేళ్ల సంగతి. ఇదే చిత్తూరు కోర్టు ఇంకో కేసును నాలుగు నెలల లోపే ముగించింది, మరిచిపోయారా? 2019 నవంబర్‌లో మదనపల్లె దగ్గర అంగళ్లులో పెళ్లికి వచ్చిన చిన్న పాపను ఒక లారీ డ్రైవరు పొట్టన పెట్టుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో మరణశిక్ష. ఒక్కడే నిందితుడు. పిల్లల మీద లైంగిక నేరాలకున్న పోక్సో చట్టం కింద ఏడాదిలోపు విచారణ ముగించాలన్న నియమం కూడా ఉంది.

23 మంది ఉన్న కేసు అలా నడవదు. ఒక సాక్షి బోనెక్కితే తలా ఒక లాయరూ వరసగా క్రాస్ చేస్తారు, అంటే అడ్డ ప్రశ్నలు వేస్తారు. ఉదయం ఎక్కినవాడు భోజనం బెల్లు దాకా అక్కడే నిలబడతాడు, మర్నాడు మళ్లీ రావాలి. ఒక ముద్దాయి రాలేదంటే వాయిదా. ఒకరి లాయరుకు హైకోర్టులో పని ఉందంటే వాయిదా. జడ్జి గారు బదిలీ అయితే వచ్చినాయన వాదనలు మొదటి నుంచి వినాలి. మధ్యలో కరోనా. ఎవరో కావాలని తొక్కిపెడితేనే పదేళ్లు పట్టాలని లేదు. ఏమీ చేయకుండా ఊరుకున్నా పడతాయి. నన్నడిగితే ఇలాంటి కేసులకు రోజువారీ విచారణ పెట్టాలి. చట్టంలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది, పాటించేవాళ్లే తక్కువ.

ప్రశ్న: సార్, ఇన్ని మెట్లు, ఇన్నేళ్లు ఎందుకు? దిశ కేసులో పది రోజుల్లో తేల్చేశారు కదా. మా కాలేజీలో అందరం స్వీట్లు పంచుకున్నాం. తప్పేముంది?
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: నాయనా, స్వీట్లు తిన్నందుకు నిన్ను తిట్టను. మా బార్‌లో తలపండినవాళ్లు కూడా ఆ రోజు తిన్నారు. అయితే 2019 డిసెంబర్ 6 నాటి ఆ ఎన్‌కౌంటర్ తర్వాత జరిగింది కూడా చదువు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ దిశ కేసు నిందితులు నలుగురి మీద పోలీసులు చంపాలనే కాల్చారని తేల్చింది. ఆ రిపోర్టు 2022లో బయటికొచ్చింది.

అది పక్కన పెడదాం. నీకు ఇంకో కేసు చెప్తా. 2007 డిసెంబర్‌లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో అయేషా మీరా అనే ఫార్మసీ అమ్మాయిని చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. 'ఎవర్నో ఒకర్ని పట్టుకోండి' అని జనం, పేపర్లు, పైవాళ్లు అందరూ ఒకటే ఒత్తిడి. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే పేద కుర్రాణ్ని తెచ్చి, ఇతనే అన్నారు. ఇతను కాదు అని కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లే మొత్తుకుంది. ఆ మాట ఒక్కటి ఆలోచించు: బిడ్డ పోయిన తల్లి, ముద్దాయి తరఫున మాట్లాడటం. 2010లో విజయవాడ కోర్టు అతను దోషే అని జైలుశిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలిపెట్టి, లక్ష రూపాయలు ఇమ్మంది. లోపల ఎనిమిదేళ్లకు పైగా గడిపాక లక్ష! తర్వాత కేసు సీబీఐకి పోయింది. కోర్టులో భద్రంగా ఉండాల్సిన సాక్ష్యాలే నాశనమయ్యాయని అప్పుడు బయటపడింది. 2019లో తెనాలిలో ఆ అమ్మాయి అస్థికలు తవ్వి మళ్లీ పరీక్ష చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పు, 2008లో సత్యంబాబును ఎన్‌కౌంటర్ చేసి ఉంటే నీలాంటి కుర్రాళ్లు స్వీట్లు పంచేవాళ్లా, కాదా? అప్పుడు హైకోర్టు ఎవర్ని విడిచిపెట్టేది?

పోలీసుల దగ్గర 'నేనే చేశా' అని ముద్దాయి చెప్పింది కోర్టులో ఎందుకు చెల్లదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అతను చూపించిన చోట కత్తో నగో దొరికితే ఆ మేరకు మాత్రమే పనికొస్తుంది. దానికి పంచనామా రాయాలి, ఊరి పెద్దలో వీఆర్వోనో సాక్షి సంతకం చేయాలి. పుంగనూరు వైపు ఒక హత్య కేసులో నేనే పీపీని, అంటే ప్రభుత్వం తరఫు లాయర్ని. కత్తి దొరికిన పంచనామాకు సాక్షి ఒక వీఆర్వో. చీఫ్‌లో, అంటే నేను అడిగినప్పుడు, బాగానే చెప్పాడు, చింతతోపు, రాయి కింద కత్తి, అన్నీ. క్రాస్‌లో అవతలి లాయరు కేకలేమీ వేయలేదు, మెల్లగా అడిగాడు: 'ఆ తోపుకు మీ ఆఫీసు నుంచి ఎట్లా పోతారు సార్?' మనిషి దిక్కులు చూశాడు. నా వైపు చూశాడు. చివరికి, 'స్టేషన్‌కి రమ్మంటే పోయినా సార్. కత్తి బల్ల మీద ఉండింది. పెట్టమన్న చోట సంతకం పెట్టినా' అన్నాడు. జడ్జి గారు పెన్ను పక్కన పెట్టి ఎస్ఐ వైపు చూశారు. కేసు కొట్టేశారు. ముద్దాయి నేరం చేశాడా లేదా అనేది నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు వీఆర్వోను నిజంగా తోపుకు తీసుకెళ్లి ఉంటే తెలిసేది. పోలీసు జీపులో పావుగంట దారి.

జనం తీర్పు రోజున కోర్టు దగ్గర గుమికూడతారు. నా అనుభవంలో కేసు నిలిచేదీ, పడిపోయేదీ మొదటి వారంలో రాసిన కాగితాల దగ్గరే.

ప్రశ్న: మదనపల్లెలో సొంత కూతుళ్లనే చంపుకున్న తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్లు. పిచ్చి అని ఆసుపత్రికి పంపారు. డబ్బున్నవాళ్లు ఎవరైనా ఇలా పిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుందా?
– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: లేదమ్మా, అంత సులువు కాదు. 2021 జనవరిలో అది జరిగినప్పుడు వాళ్లను మన తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించి, తర్వాత విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. అది శిక్ష నుంచి తప్పించడం కాదు. తన మీద ఏం కేసు నడుస్తోందో, లాయరుకు ఏం చెప్పాలో తెలియని స్థితిలో ఉన్న మనిషిని బోనులో నిలబెట్టి విచారించకూడదు. వైద్యం చేయించి, కుదుటపడ్డాకే విచారణ. అందాకా కేసు ఆగుతుందే గానీ పోదు.

నేరం చేసిన క్షణంలో మతి స్థిమితం లేదు అనేది వేరే వాదన. ఏది నేరమో చెప్పే చట్టంలో, అంటే అప్పటి ఐపీసీలో 84, ఇప్పటి బీఎన్‌ఎస్‌లో 22 సెక్షన్. తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో ఒప్పో తెలుసుకోలేని స్థితి అని రుజువు చేసుకోవాల్సింది ముద్దాయే. జబ్బు ఉందని డాక్టరు చీటీ చూపిస్తే చాలదు. హత్యకు ముందు, తర్వాత ఎలా ప్రవర్తించారు, దాచారా, పారిపోయారా అన్నీ కోర్టు చూస్తుంది. ఈ వాదనతో గట్టెక్కినవాళ్లు చాలా తక్కువ. గట్టెక్కినా నేరుగా ఇంటికి పంపరు, ఎవరికీ ప్రమాదం లేదని తేలేదాకా కట్టుదిట్టంలోనే ఉంచుతారు. ఆ కేసులో వాళ్లు దోషులా కాదా అని మాత్రం నన్ను అడగొద్దు.

ప్రశ్న: మా వీధిలో జరిగిన కొట్లాట కేసులో నన్ను సాక్షిగా వేశారు. స్టేషన్‌లో నేను చెప్పింది రాసుకున్నారు కానీ సంతకం తీసుకోలేదు. ఇప్పుడు సమన్లు వచ్చాయి. అవతలివాళ్లు మా ఇంటి ముందే తిరుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పోకపోతే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: సంతకం తీసుకోకపోవడమే సరైన పద్ధతి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదని చట్టమే చెప్తోంది. ప్రమాణం చేసి కోర్టులో చెప్పేదే మీ సాక్ష్యం.

పోకుండా ఉండొద్దు. మొదట బెయిలబుల్ వారంటు, తర్వాత నాన్ బెయిలబుల్ వస్తుంది. కొట్టినవాళ్లు దర్జాగా కోర్టుకొస్తుంటే చూసినవాణ్ని పోలీసులు పట్టుకుపోవడం ఏం బాగుంటుంది? వాయిదా రోజు పదింటికే వెళ్లి ఏపీపీ గారిని, అంటే ఆ కోర్టులో ప్రభుత్వం తరఫు లాయర్ని, కలవండి. మీరు అప్పట్లో ఏం చెప్పారో ఫైల్లో చూపించమని అడగండి, ఏళ్లు గడిచాక ఎవరికైనా మసకేస్తుంది. చూసింది చెప్పండి, చూడనిది 'చూడలేదు' అనండి. క్రాస్‌లో అరిచినా మీరు అరవొద్దు. దారిఖర్చులకు సాక్షి బత్తా ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు.

బెదిరింపుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టాలి. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో రాసి పెట్టుకోండి, వీలైతే ఫోన్లో వీడియో తీయండి. అర్జీ రాయడం రాకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, డబ్బు తీసుకోరు.

ప్రశ్న: మా అన్నను చంపిన కేసు కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలు చేయదట. మేం చేయొచ్చా?
– ఒక సోదరి, పుత్తూరు

జవాబు: చేయొచ్చు తల్లీ. 2009 నుంచి బాధితుల కుటుంబానికి ఆ హక్కు ఉంది, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 413లో ఉంది. గెలుస్తారని మాట ఇవ్వలేను. చుండూరు చూడండి: 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపితే, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. పై కోర్టు అటూ తిప్పొచ్చు, ఇటూ తిప్పొచ్చు. ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఈ వారమే అప్లికేషన్ వేయండి. గడువు దాటితే ఆలస్యానికి కారణాలు రాయడంతోనే లాయరుకు సగం ఫీజు అయిపోతుంది. కాపీ చేతికొచ్చాక సాక్ష్యాల జిరాక్సులతో సహా నాకు పంపండి, చదివి చెప్తాను.