లేహ్ చలిలో డీజిల్ బండి పొద్దున్నే ఎందుకు స్టార్ట్ కాదు?

డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి ముదిరేకొద్దీ అది పలుకులు కట్టి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ట్యాంకు నిండా ఆయిల్ ఉన్నా ఇంజన్‌కి చుక్క అందదు. అందుకే లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది. కింద మైదానంలో కొట్టించిన ఆయిల్‌తో పైకెళ్లి అక్కడ రాత్రి ఆపితే ఇబ్బందే. పైకెళ్లాక అక్కడిదే కొట్టించండి.

డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే మండాలి. తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టకండి. డాష్‌బోర్డులో స్ప్రింగులాంటి పసుపు గుర్తు ఆరేదాకా ఆగండి, అప్పటికి సిలిండర్లను ముందే వెచ్చబెట్టే గ్లో ప్లగ్‌లు వేడెక్కుతాయి. అందుకోకపోతే అదేపనిగా తిప్పకుండా కాసేపు ఆగి కొట్టండి. చలికి బ్యాటరీ ఎలాగూ సగం నీరసంగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఉంటుంది.

ముందురోజే ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేయండి. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. ట్యాంకు కింద మంట పెట్టడం పాత లారీ డ్రైవర్ల అలవాటు, దాని జోలికి పోవద్దు. కిరసనాయిలు కలపడమూ అంతే: బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో పంపు, ఇంజెక్టర్లు పోతే బిల్లు చూసి వణుకొస్తుంది.