ఎదిగే పిల్లల విషయమై మా అమ్మాయికి రాసిన ఉత్తరం

చి.ల.సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉన్న అబ్బాయి, నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్ళనని, ఫిషరీస్ చదివి ఉప్పలగుప్తం దగ్గర మీ మామగారి రొయ్యల చెరువులు చూసుకుంటానని పట్టుబట్టడంతో తండ్రీకొడుకుల మధ్య మాటలు లేకుండా పోయాయని రాశావు. పదో తరగతి చదివే అమ్మాయి గురించి మాత్రం, అది బంగారమని, ‘మీరేది చెబితే అదే’ అంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఉద్యోగ జీవితమంతా కోనసీమ హైస్కూళ్ళలో ఆ వయసు పిల్లల మధ్యనే గడిపినవాణ్ణి కనుక నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతున్నాను. అబ్బాయి విషయంలో నాకు బెంగ లేదు. నన్ను ఆలోచనలో పడేసింది అమ్మాయి మాటే.

ఎందుకో చెబుతాను. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించి చూపిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్, కౌమారంలో తేల్చుకోవలసిన ముఖ్యమైన విషయం ‘నేనెవరిని’ అన్నదేనని చెప్పాడు. ఆయనకు కన్నతండ్రి ఎవరో తెలియదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు ఎరిక్సన్ అన్న పేరును తానే ఎంచుకున్నాడు కనుక, ఆ ప్రశ్న బరువు ఆయనకు స్వయంగా తెలుసు. ఆ తరువాత 1966లో జేమ్స్ మార్సియా అనే ఆయన ఈ ఆలోచనను పరిశీలనకు పెట్టి, పిల్లల్లో రెండు సంగతులు చూడాలన్నాడు. తమకు ఏది తగునో వాళ్ళు వెతుక్కున్నారా? వెతుక్కున్నాక ఒకదానికి కట్టుబడ్డారా? ఈ రెంటినీ కలిపి చూస్తే నాలుగు స్థితులు కనబడతాయి. వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అన్నది ఒకటి. వెతుకుతూ ఇంకా తేల్చుకోలేకపోవడం ఒకటి. వెతికి తేల్చుకోవడం ఒకటి. నాలుగోది, ఏమీ వెతకకుండానే పెద్దలు చూపినదాన్ని తనదని ఒప్పేసుకోవడం. మన ఇళ్ళలో అందరూ మెచ్చుకునేది ఈ నాలుగోదాన్నే. ఇంట్లో గొడవ ఉండదు, చదువు సాగుతుంది, బంధువులు ఆదర్శంగా చూపుతారు. కానీ ఆ బిడ్డ పెద్దదై, తన మీద పెట్టిన నిర్ణయం బెడిసికొట్టిన రోజున, నిలదొక్కుకోవడానికి తనదంటూ ఒక్క ఆలోచన కూడా ఉండదు.

అమ్మాయి స్థితి ఇదేనని నేను తీర్పు చెప్పడం లేదు. పదిహేనేళ్ళకే అన్నీ తేలిపోవాలనీ అనడం లేదు. నేటి సమాజంలో ఈ వెతుకులాట పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు ఏళ్ళ దాకా సాగుతుందని 2000లో ఆర్నెట్ అనే పరిశోధకుడు రాశాడు. ఇంటర్ గ్రూపుతోనే బతుకంతా నిర్ణయమైపోవాలన్న తొందర మనదే తప్ప పిల్లల వయసుది కాదు.

ఇక అబ్బాయి సంగతి. వాడు కాదన్నది మిమ్మల్ని కాదు, మీరు చూపిన ఒక దారిని. పైగా ఊరికే కాదనలేదు, మరో దారి పేరు చెప్పాడు. అది వాడికి తగునో లేదో వాదనతో తేలదు, పనితోనే తేలుతుంది. పరీక్షలు శ్రద్ధగా రాయమని షరతు పెట్టి, వేసవిలో ఒక్క చెరువు బాధ్యత పూర్తిగా వాడికి అప్పగించమని మీ మామగారిని అడుగు. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోవడం కాదు. మేత లెక్క, రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూడడం, నీటి పరీక్షలు, కూలీలకు డబ్బు ఇవ్వడం, అన్నీ వాడే చూసుకుని పుస్తకంలో రాయాలి. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామునే బాగా పడిపోతుంది కనుక, ఆ వేళకు కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే జనరేటర్ వేయవలసింది వాడే కావాలి. తెల్లమచ్చ తెగులు వస్తే కొద్ది రోజుల్లో పంట మొత్తం పోతుందని, రొయ్యలు పట్టే నాటికి కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను బట్టి ఇచ్చే ధర, పడిపోవచ్చని వాడికి దగ్గరగా తెలియాలి. నాలుగు నెలల ఆ పంట ముగిసేసరికి వాడు ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్‌ఎస్సీలో చేరతానని గట్టిగా అనవచ్చు, ఇది నావల్ల కాదనీ చెప్పవచ్చు. రెండింటిలో ఏది జరిగినా లాభమే. ‘మేము ముందే చెప్పాం’ అన్న మాట మాత్రం మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

వాడితో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకో. నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఉంటే పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు దాదాపు పెద్దలలాగానే నిర్ణయించగలరు. ఆవేశంలో, తోటివాళ్ళు చూస్తుండగా మాత్రం నిగ్రహించుకోలేరు, ఎందుకంటే ఆ నిగ్రహాన్నిచ్చే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అందువల్ల చుట్టాల ముందు, స్నేహితుల ముందు ఈ ప్రస్తావన తేవద్దు. అల్లుడుగారిని వాడితో ఒంటరిగా ఏటిగట్టు మీద నడవమను, ముందు వాడి మాట పూర్తిగా వినమను. పదహారేళ్ళు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడాలన్న శ్లోకం ఆయనకూ తెలుసు.

బాధ్యత అప్పగించడం గురించి ఇంతగా చెప్పడానికి మన రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఉదాహరణ చాలు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో, వాలంటీరుగా ఉన్న ఆ పద్నాలుగేళ్ళ పిల్ల టిక్కెట్టు లేదని నెహ్రూనే ప్రదర్శన లోపలికి వెళ్ళనివ్వలేదు. అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది, అంత చిన్నపిల్లను నమ్మి గుమ్మం అప్పగించిన పెద్దలను కూడా. ఎనిమిదో ఏట జరిగిన పెళ్ళిని తరువాత కాదనుకోగలిగిన మనిషి, ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన మనిషి, అటువంటి నిజమైన పనుల్లోనే తయారైంది.

పని, నమ్మకం దొరకని పిల్లలు ఏం చేస్తారో నేను చూస్తూనే ఉన్నాను. తమదంటూ ఏదీ తేల్చుకోలేని కుర్రవాళ్ళకు మన డెల్టా ఊళ్ళలో తయారుగా దొరికేవి రెండు, కులం, అభిమాన హీరో. కూడలిలో ఫ్లెక్సీ మీద తన ఫోటో, బండి వెనక స్టిక్కరు, అడ్డం వచ్చినవాడితో కొట్లాట. ఆ వయసులో గుంపులో కలవాలనుకోవడం తప్పు కాదు కనుక తిట్టి ప్రయోజనం లేదు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పొలాల మీదుగా, కౌశిక ఏటిలో దిగి, దేవుడి కోసం అలంకరించిన ఎత్తైన ప్రభను భుజాన మోసుకొచ్చే కుర్రవాళ్ళకు కూడా ఒక గుంపుకు చెందిన తృప్తే దొరుకుతుంది, కాకపోతే అక్కడ ప్రతివాడూ బరువు మోయాలి. మన అబ్బాయిని అటువంటి పనుల్లోకి పంపు.

అమ్మాయి విషయంలో చేయవలసింది ఇంతకంటే కష్టం, ఎందుకంటే పైకి సమస్య ఏదీ కనబడదు. ‘నీకేం కావాలి’ అని ఒకేసారి పెద్ద ప్రశ్న వేస్తే బెదిరిపోయి మళ్ళీ పాత జవాబే చెబుతుంది. చిన్నవాటితో మొదలుపెట్టు. తన బట్టలు, తన చేతి ఖర్చు, సెలవుల్లో నేర్చుకునే విద్య తననే నిర్ణయించుకోనివ్వు. నీకు నచ్చనిది ఎంచుకున్నప్పుడు ముఖం మాడ్చకు, ఎందుకంటే నీ ముఖం చూసి జవాబు చెప్పడమే దానికి అలవాటైపోయింది. ఎప్పుడైనా నీతో విభేదిస్తే, అది ఎదురు చెప్పడం అనుకోకుండా, కారణం చెప్పమని అడిగి, సబబుగా ఉంటే ఒప్పుకో. గ్రూపు విషయంలో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ చదువుతున్న పిల్లలతో స్వయంగా మాట్లాడించు. రెసిడెన్షియల్ కాలేజీ సీటుకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. తెల్లవారింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్లే ఉండే చోట, తనకు ఏమి ఇష్టమో తెలుసుకునే వ్యవధి ఎవరికీ దొరకదు.

పరీక్షలు అయ్యాక ఇద్దరినీ ఇక్కడికి పంపు. అబ్బాయి ఉప్పలగుప్తం వెళ్ళి చెరువు పని మొదలుపెడతాడు, అమ్మాయి మా దగ్గర ఉంటుంది. ఇక్కడ ఏం చేయాలో అదే చెప్పాలి. ఏమీ తోచక కొన్నాళ్ళు అరుగు మీద ఊరికే కూర్చున్నా నేను గానీ మీ పెద్దమ్మ గానీ తొందరపెట్టము.

ఇట్లు,
మీ పెదనాన్న