కెర్నెల్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలాకాలంగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే సీఎస్ఈ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ఫుల్ స్టాక్, ఏఐ అంటుంటే తను మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, సెక్యూరిటీ అంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటోంది. "కెర్నెల్‌కి ఉద్యోగాలు లేవు బావా, ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పించు" అంటున్నాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావమరిది. ఫీజు లక్ష దాటుతోంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మీ బావమరిది గారి మాటలో సగం నిజముంది. కెర్నెల్ పనికి ఫ్రెషర్లని తీసుకునే కంపెనీలు క్యాంపస్‌కి తక్కువే వస్తాయి. కానీ కెర్నెల్ వదిలేసి సెక్యూరిటీ నేర్చుకోమనడం మాత్రం సరికాదు. ఏ ప్రోగ్రాం ఏ మెమరీని ముట్టుకోవచ్చు, ఏ ఫైలు తెరవచ్చు అని తేల్చేదే కెర్నెల్. అది తెలియకుండా సెక్యూరిటీలో ఎక్కువ దూరం వెళ్లలేరు.

2024 జులై 19న విమానాశ్రయాల్లో కంప్యూటర్లు ఆగిపోయి, చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, గుర్తుందా? అది వైరస్ పని కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్ వల్ల జరిగింది. అప్‌డేట్ 21 విలువలు ఉంటాయనుకుంది, కోడ్ ఇచ్చింది 20. లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయింది. మామూలు యాప్‌లో ఇదే తప్పు జరిగితే ఆ యాప్ ఒక్కటే మూసుకుపోయేది. ఇది కెర్నెల్ లోపల నడిచే డ్రైవర్ కాబట్టి మొత్తం మెషీనే కూలిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా పడిపోయినవి 85 లక్షల విండోస్ మెషీన్లు.

అందుకే కెర్నెల్ లోపల ఏముండాలి, బయట ఏముండాలి అన్నది ఎప్పటికీ తెగని చర్చ. 1992లోనే లినక్స్ కెర్నెల్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ దీనిమీద గట్టిగా వాదించుకున్నారు. లినక్స్, పరికరాలని నడిపే డ్రైవర్లని చాలావరకు లోపలే పెట్టుకుంది. ఎస్ఈఎల్4 అనే మైక్రోకెర్నెల్ (అతి తక్కువ పనులే లోపల ఉంచుకునే చిన్న కెర్నెల్) వాటిని బయటికి పంపేసింది. మిగిలిన దాదాపు 8,700 లైన్ల సీ కోడ్ అనుకున్నట్టే నడుస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లు 2009లో గణితంతో నిరూపించారు. మీ అమ్మాయి రాత్రిళ్లు చదువుతున్నది ఇదే అయితే, సెక్యూరిటీ చదువుతున్నట్టే లెక్క.

అయితే ఇష్టం వేరు, పని రావడం వేరు. అది తేల్చుకోవడానికి ఓ చిన్న పరీక్ష చెబుతాను, అమ్మాయికి చూపించండి. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు పాఠం కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది. రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ కోసం రాసిన దాని వెర్షన్‌లో సొంతంగా ఒక సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని పని అడిగే దారి) చేర్చమనండి. యూజర్ ప్రోగ్రాం ఒక అడ్రస్ ఇస్తుంది, కెర్నెల్ అక్కడినుంచి కొన్ని బైట్లు చదివి ప్రింట్ చేయాలి, అంతే. ఆ తర్వాత యూజర్ ప్రోగ్రాం నుంచి కావాలనే 0x80000000 అనే అడ్రస్ ఇమ్మనండి. అది కెర్నెల్ సొంత కోడ్ మొదలయ్యే చోటు. కాపీఇన్ ఫంక్షన్ ద్వారా చదివితే యూజర్ పేజీ టేబుల్ (ఆ ప్రోగ్రాం ముట్టుకోగల మెమరీ జాబితా) చూసి "కుదరదు" అని -1 ఇస్తుంది. ఆ పాయింటర్‌ని నమ్మి మెమ్‌మూవ్‌తో నేరుగా చదివేస్తే కెర్నెల్ లోపలి బైట్లు తెరమీదకి వచ్చేస్తాయి. ఒక్క ఫంక్షన్ తేడా! ఈ రెండూ చేసి చూసి, ఎందుకలా అయిందో ఇంట్లో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పిల్లని ఆపకండి. నాకైతే ఏ సర్టిఫికెట్ కంటే అదే పెద్ద గుర్తు.

ఉద్యోగాల విషయానికొస్తే, మీరు బెంగళూరులో ఉండటం కలిసొచ్చే విషయం. క్వాల్‌కామ్, ఇంటెల్, ఏఎండీ, శాంసంగ్, ఎన్ఎక్స్‌పీ, బాష్ అందరికీ ఇక్కడ ఇంజినీరింగ్ సెంటర్లున్నాయి. "కెర్నెల్ ఇంజినీర్" అని వెతికితే ఫ్రెషర్లకి పెద్దగా కనిపించవు. ఎంబెడెడ్ లినక్స్, డివైస్ డ్రైవర్, ఫర్మ్‌వేర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్) అని వెతకాలి. లోపలికి వెళ్లే దారి ఎక్కువగా అదే. వీటికి సీ భాష గట్టిగా రావాలి. రస్ట్ అనే భాష కూడా మొదలుపెట్టమనండి, 2022 చివర్లో వచ్చిన లినక్స్ 6.1 నుంచి కెర్నెల్‌లో దానికీ చోటు దక్కింది. డేటా స్ట్రక్చర్స్ ప్రాక్టీస్ మాత్రం మానకూడదు. రాత పరీక్షలో అవే అడుగుతారు, ఎక్స్‌వీ6 అడగరు.

ఇంకా లోతుకి వెళ్లాలనుంటే గేట్ రాసి ఐఐఎస్‌సీలోనో ఐఐటీ మద్రాస్‌లోనో ఎంటెక్ చేయొచ్చు. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎలాగూ ఉంది, కాబట్టి ఇప్పుడు చదివింది వృథా పోదు. ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఎథికల్ హ్యాకింగ్ కోర్సులు పనికిరావని నేను అనను. నెట్‌వర్క్ స్కాన్ చేయడం, తెలిసిన లోపాలు వెతకడం, అందుకు వాడే టూల్స్ నేర్పిస్తాయి. కొన్ని సెక్యూరిటీ ఉద్యోగాలకి హెచ్ఆర్ వాళ్లు ఆ సర్టిఫికెట్ అడుగుతారు కూడా. అలాంటి ఉద్యోగమే కావాలని అమ్మాయి తేల్చుకున్నాక, ఫైనలియర్‌లో చేసినా సరిపోతుంది. అడ్వాన్స్ కట్టి సీటు పట్టుకోమని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్లు చేస్తే టెన్షన్ పడకండి, అవి ఎప్పుడూ దొరికే సీట్లే. కొత్త ల్యాప్‌టాప్ కూడా కొననక్కర్లేదు. క్యూఈఎంయూ (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే ఇంట్లో ఉన్న పాతదానిమీదే ఎక్స్‌వీ6 నడుస్తుంది.