ఫుట్‌బాల్ పిచ్చి నాకెలా పట్టింది: కాగితం మిల్లు కాలనీలో ఒక ఓటమి రాత్రి

"ఊరంతా క్రికెట్ చూసే చోట పుట్టి ఫుట్‌బాల్‌కి వీరాభిమానులు ఎలా అవుతారు? మొదట ఏం జరుగుతుంది?" అని అడిగారు.

నాకు తెలిసినంతలో ఆట నచ్చడం వేరు, జట్టు మనదైపోవడం వేరు. ఆట నచ్చడానికి ఒక్క మంచి గోల్ చాలు. జట్టు మనదవ్వాలంటే మాత్రం అది మన కళ్ళ ముందు ఓడిపోవాలి, ఆ వేళ మన పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాలి. నాకు అలాగే జరిగింది. రోజు కూడా చెప్పగలను. 1990 జులై 1 ఆదివారం, అర్ధరాత్రి దాటాక. చోటు ఒడిశాలో రాయగడ పక్కనున్న జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ క్లబ్బు.

అప్పటికి రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉంది. వేరే జిల్లా అయింది 1992 అక్టోబరులో. మాది పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కాలనీ గేటు ఎదురుగా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది, కొట్టు వెనకే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొట్లో ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాష. నాకు పన్నెండేళ్ళు. బడి నుంచి రాగానే కాలనీ క్వార్టర్లకి సరుకులు ఇచ్చి రావడం నా పని.

అలా వెళ్ళే ఇళ్ళలో ఒక బెంగాలీ కాకు ఇల్లు ఉండేది. మిల్లులో ఫోర్‌మన్. కాలనీలో పిల్లలందరూ ఆయన్ని కాకు, అంటే బాబాయ్, అనేవాళ్ళు, ఆయన మమ్మల్నందరినీ ఖోకా, అంటే బాబూ, అనేవాడు. జూన్ 8 సాయంత్రం బొరుగులూ ఆవనూనే ఇవ్వడానికి వెళ్తే, "రాత్రి ప్రపంచ కప్ మొదలవుతోంది, క్లబ్బుకి రా" అన్నాడు. క్లబ్బు ఉద్యోగుల కుటుంబాలకే. నేను తటపటాయిస్తుంటే, "నాతో వస్తే ఎవరూ అడగరు" అన్నాడు. ఎవరూ అడగలేదు.

మా బజారు లైన్లో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. కాలనీకి మిల్లు కరెంటు. గోడకి ఇవతల చీకటి, అవతల వెలుగు. క్లబ్బులో చెక్క తలుపులున్న కలర్ టీవీ. దాంట్లో ఆకుపచ్చ చొక్కా, ఎర్ర నిక్కరు, పసుపు మేజోళ్ళు వేసుకున్న కామెరూన్ వాళ్ళు మారడోనా ఉన్న అర్జెంటీనాని 1-0తో ఓడించారు. గోల్ కొట్టింది ఒమామ్ బియిక్, తలతో. అప్పటికే ఒకడికి రెడ్ కార్డు పడింది. చివర్లో ఇంకొకడికీ పడింది. తొమ్మిది మందే మిగిలినా ఆ ఒక్క గోలునీ కాపాడుకున్నారు. నాకు ఆట ఏమీ అర్థం కాలేదు. కానీ పదకొండు మంది మీద తొమ్మిది మంది అన్నది ఏ పిల్లాడికైనా అర్థమవుతుంది కదా.

మర్నాడు కాకు నన్ను క్యారమ్ బోర్డు దగ్గర కూర్చోబెట్టాడు. నల్ల బిళ్ళలు ఒక జట్టు, తెల్ల బిళ్ళలు ఇంకో జట్టు, ఎర్ర బిళ్ళ బంతి. ఆఫ్‌సైడ్ అంటే, బంతి అందకముందే అవతలి డిఫెండర్లని దాటి నిలబడటం అంటే ఏంటో అలా చూపించాడు. ఒక తెల్ల బిళ్ళని నల్ల బిళ్ళల వెనక్కి తోసి, "వీడికి బంతి ఇవ్వొచ్చా?" అని అడిగేవాడు. తప్పు చెబితే బిళ్ళలన్నీ కలిపేసి మళ్ళీ మొదట్నుంచి పేర్చేవాడు. విసుక్కున్న గుర్తే లేదు. ఎవరైనా పెద్దాయన ఒక పన్నెండేళ్ళ పిల్లాడి ముందు అరగంట కూర్చుని, వాడి జవాబు కోసం ఆగడం నేను అంతకుముందు చూడలేదు. ఆట మీద ప్రేమలో సగం ఆ బోర్డు దగ్గరే పుట్టిందనుకుంటాను.

నిజానికి ఆ ప్రపంచ కప్పుకి అంత మంచి పేరేం లేదు. 52 మ్యాచ్‌ల్లో 115 గోల్సే, సగటున 2.21. ఏ ప్రపంచ కప్పులోనూ అంత తక్కువ సగటు లేదు. డిఫెండర్లు బంతిని వెనక్కి గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి తన్నేవాళ్ళు, ఆయన చేత్తో పట్టుకుని టైమ్ గడిపేవాడు. 1992లో రూల్ మార్చేశారు. అంటే చూడ్డానికి అంత బాలేని టోర్నీతోనే నాకు పిచ్చి పట్టింది. ఆట అందంగా ఉండటం వల్లే అభిమానులు పుడతారని ఎవరైనా అంటే అందుకే నేను ఒప్పుకోను.

అందులో అందం ఎక్కడుందంటే కామెరూన్ ఆటగాడు రోజే మిల్లాలో ఉంది. 38 ఏళ్ళ మనిషి. ఆడటం దాదాపు మానేసి హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవిలో ఉంటున్నవాణ్ణి మళ్ళీ జట్టులోకి పిలిచారు. ప్రతిసారీ మధ్యలో దిగేవాడు. కొలంబియాతో మ్యాచ్ 90 నిమిషాల్లో తేలక ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళాక రెండు గోల్స్ కొట్టాడు. రెండోది, గోలీ హిగీటా తన గోల్ వదిలి ఎంతో ముందుకొచ్చి కాళ్ళతో ఆటలాడుతుంటే బంతి లాక్కుపోయి కొట్టింది. గోల్ కొట్టినప్పుడల్లా కార్నర్ జెండా దగ్గరికి పరిగెత్తి, నడుం మీద చెయ్యేసుకుని డాన్స్. మర్నాడు మా బజారు పిల్లలందరం వెదురు కర్ర పాతి అదే డాన్స్ చేశాం.

కొలంబియా మ్యాచ్ మర్నాడే, జూన్ 24న బ్రెజిల్, అర్జెంటీనా చేతిలో 0-1తో ఓడిపోయింది. ఆటంతా బ్రెజిల్‌దే. 80వ నిమిషం దాకా మారడోనా ఉన్నాడా అన్నట్టుంది. ఒక్కసారి బంతి తీసుకుని నలుగురిని తనవైపు లాగి తోటి ఆటగాడు కనీజియాకి ఇచ్చాడు, గోల్, అంతే. కాకు బ్రెజిల్ అభిమాని. ఏమీ అనలేదు. టీవీ కట్టేశాక కూడా కుర్చీలోంచి లేవలేదు. కాకు భార్య కాకిమా వచ్చి అన్నం చల్లారిపోతోందంటే, నాకు వద్దు అన్నాడు. నాకది వింతగా తోచింది. ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి జేకేపూర్? ఈయన అన్నం ఎందుకు మానేయాలి?

వారం తిరిగేసరికి తెలిసింది.

క్వార్టర్ ఫైనల్ కామెరూన్‌కీ ఇంగ్లండ్‌కీ. అంతకుముందు ఏ ఆఫ్రికా జట్టూ అంత దూరం రాలేదు. మన టైమ్ ప్రకారం రాత్రి 12:30కి మ్యాచ్. "ఏట్రా ఈ అర్ధరాత్రి ఆటలు, రేపు బడి లేదేటి?" అని అమ్మ కేకలేసింది. నాన్న మాత్రం, "కాకు ఉన్నారు కదా, వెళ్ళనీ" అన్నాడు. ఆ రోజు కామెరూన్‌కి నలుగురు ఆటగాళ్ళు సస్పెన్షన్‌లో ఉన్నారు, యెల్లో కార్డులు మరీ ఎక్కువైపోయి. ముందు ఇంగ్లండ్ ఒకటి కొట్టింది. హాఫ్ టైమ్ తర్వాత మిల్లా దిగాడు. కాసేపటికి అతన్ని పడేస్తే పెనాల్టీ, 1-1. నాలుగు నిమిషాల్లో అతనే ఎకెకెకి బంతి అందించాడు, 2-1. క్లబ్బులో కుర్చీలు పడిపోయాయి. సెమీఫైనల్ ఇంకో ఏడు నిమిషాల దూరం. అప్పుడు 83వ నిమిషంలో ఇంగ్లండ్‌కి పెనాల్టీ. లినెకర్ కొట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకో పెనాల్టీ. మళ్ళీ లినెకరే. 2-3.

మూడు కావస్తోంది. నాకు గొంతు పట్టేసింది. ఏడిస్తే అందరూ చూస్తారని పళ్ళు బిగబట్టుకున్నాను. ఎవరు వాళ్ళు నాకు? నెల కిందట కామెరూన్ అనే దేశం ఉందనే తెలియదు. కాకు నా వైపు చూడకుండానే భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిపించుకొచ్చాడు. అక్కడ వాచ్‌మన్ బల్ల మీది టార్చి తీసి నా చేతికిచ్చి, "రేపు సరుకులు తెచ్చినప్పుడు ఇవ్వు" అన్నాడు. అంతే. "ఆటలో గెలుపోటములు సహజం" అనలేదు. ఆ ఒక్క మాట అనుంటే నాకు ఈ ఆట మీద ఆసక్తి అక్కడితో పోయేదేమో. పిల్లలు ఓటమికి ఏడిస్తే దయచేసి ఆ మాట అనకండి.

ఇంటికొచ్చి నిద్ర పట్టక కొట్టు అరువు పుస్తకం తీశాను. ఆ రోజు పేజీలో కందిపప్పు, బెల్లం బాకీల కింద "కామెరూన్ 2, ఇంగ్లండ్ 3" అని రాసి, గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు నాకు వినబడినట్టు తెలుగులో రాసుకున్నాను. పొద్దున్నే నాన్న చూశాడు. లెక్కల పుస్తకంలో గీతలు గీస్తే ఊరుకునే మనిషి కాదు. ఆ పేజీ చూసి ఏమీ అనకుండా తిప్పేశాడు. మరుసటి సంతకి పార్వతీపురం వెళ్ళినప్పుడు నాకో విడి నోటుపుస్తకం తెచ్చాడు.

కాకుకి మరి ఈ పిచ్చి ఎలా పట్టిందో తర్వాత తెలిసింది. దేశ విభజనలో వాళ్ళు తూర్పు బెంగాల్ వదిలి వచ్చేశారు. కలకత్తా శివార్లలో కాందిశీకుల కాలనీలో పెరిగాడు. పెద్దన్నయ్యకి కాందిశీకుల పునరావాసం కోసం పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు కింద మా కోరాపుట్ జిల్లాలోనే ఉమర్‌కోట్‌లో భూమి ఇచ్చారు. ఇల్లూ ఊరూ పోయినవాళ్ళకి కలకత్తాలో మిగిలింది 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. పోయిన నేల పేరు ఆ జట్టుకి ఉంది. ఆ జట్టు గెలిస్తే ఇలిశ చేప వండుకుంటారు. మన గోదావరి పులస లేదూ, అదే చేప. ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్ళు రొయ్యలు వండుకుంటారు. వాళ్ళ నాన్నతో కలిసి మైదానానికి వెళ్ళేవాణ్ణని చెప్పేవాడు. అప్పట్లో ఆ జట్టుకి ఆడేది ఎవరనుకున్నారు? సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం.

"మీ వాడే" అనేవాడు కాకు. నాకు ఒళ్ళు పులకరించేది. రాయగడలో ఉంటే మమ్మల్ని తెలుగువాళ్ళంటారు. పార్వతీపురం చుట్టాలింటికెళ్తే ఒడిశావాళ్ళొచ్చారంటారు. అలాంటి పిల్లాడికి కలకత్తాని ఊపేసిన ఆటగాడు "మీ వాడే" అని ఒక బెంగాలీ చెబితే ఎలా ఉంటుందో సరిహద్దు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి కూడా ఆయన ద్వారానే విన్నాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం, రెండూ ఆయన తయారు చేసిన జట్లే. రెంటిలోనూ బలరాం ఉన్నాడు. మన బడి పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది.

2023 ఫిబ్రవరి 16న బలరాం పోయారని చదివి కాకుకి ఫోన్ చేశాను. ఎనభైకి దగ్గర పడ్డాడు, కొడుకు దగ్గర ఉంటున్నాడు. "బలరాం హెడ్ చేస్తే బంతి వంగేది" అన్నాడు, ఆ తర్వాత చాలాసేపు లైన్లో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. దానికి రెండు నెలల ముందు 2022 ప్రపంచ కప్‌లో మొరాకో, పోర్చుగల్‌ని ఓడించి సెమీస్‌కి వెళ్ళిన రాత్రి కూడా మాట్లాడుకున్నాం. ఒక ఆఫ్రికా జట్టు సెమీస్ చేరడానికి కామెరూన్ తర్వాత 32 ఏళ్ళు పట్టింది.

అందరికీ ఇలాగే జరగాలని లేదు. మా కొండ ఊళ్ళ కుర్రాళ్ళు టీవీ చూసి కాదు, ఆడి అభిమానులయ్యారు. కోతలయ్యాక పొలంలోనే రాళ్ళు పెట్టి గోలు, ఉత్తి కాళ్ళు, గెలిచిన జట్టుకి మేకపోతు. ఇప్పటి పిల్లలు ఫోన్లో మెస్సీని చూసి వస్తున్నారు. 2022 ఫైనల్ 3-3 అయి పెనాల్టీల దాకా వెళ్ళిన రాత్రి ఎంతమంది కొత్తగా అంటుకున్నారో. అదీ మంచిదే. ఎలా వచ్చినా, ఓడిన రోజున నిలబడతారా లేదా అన్నదే నేను చూస్తాను.

మా అమ్మాయి విషయం చెప్పి ఆపేస్తాను. 2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. భారత్ మ్యాచ్‌లు మూడూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. దానికి పదమూడేళ్ళు. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్ళాను. అక్టోబరు 11 రాత్రి, అమెరికాతో. మన కెప్టెన్ అస్తం ఉరావ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. మా అమ్మాయి కన్నా మూడు నాలుగేళ్ళు పెద్ద, అంతే. అమెరికా ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. ఐదో గోలుకి మా ముందు వరస సగం ఖాళీ. నేను వెళ్దామా అని అడగలేదు. అది కుర్చీ అంచున కూర్చుని, మన అమ్మాయిలకి బంతి దొరికినప్పుడల్లా లేచి అరుస్తూనే ఉంది. 0-8.

బయటికొచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. కాసేపటికి, "నాన్నా, మొరాకోతో మ్యాచ్ 14న కదా, టికెట్లుంటాయా?" అంది.

ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేసి మూడు రోజులు అక్కడే ఉండిపోయాం. 0-3. 17న బ్రెజిల్ మ్యాచ్ మాత్రం రాయగడలో ఇంట్లోనే చూశాం. 0-5 అయ్యాక వాళ్ళమ్మ అన్నానికి పిలిచింది. ఆఖరి విజిల్ అయ్యేదాకా అది కదల్లేదు.