వేరే మతంవాళ్లు గుడికి వెళ్లొచ్చా? బరంపురంలో నా అనుభవం

"క్రైస్తవుణ్ణి, బరంపురానికి బదిలీ అయింది, ఇటువైపు గుళ్లు చూడాలనుంది, రానిస్తారా, తెలియక ఏదైనా తప్పు చేస్తానేమో" అని అడిగారు. నేనూ చర్చికి వెళ్లే ఇంట్లోనే పుట్టాను, మాది ఒడిశాలోని ఈ బరంపురమే. మీ భయం నాకు బాగా తెలుసు.

ముందు పూరీ సంగతి. జగన్నాథుడి గుళ్లోకి హిందువుల్ని తప్ప రానివ్వరు. 1984లో ప్రధానిగా ఉన్న ఇందిరాగాంధీకే, పార్సీని పెళ్లి చేసుకున్నారని ప్రవేశం దొరకలేదు. పేరు మార్చి చెప్పి వెళ్లిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. సింహద్వారం దగ్గర పతితపావనుడిగా స్వామి ఉన్నాడు, బయట రోడ్డు మీద నిలబడే చూడొచ్చు. రథయాత్రకైతే ఆయనే బడదండ మీదికి, అంటే గుడి ముందున్న పెద్ద రోడ్డు మీదికి వస్తాడు.

అన్ని గుళ్లూ అలా ఉండవు. నేను మొదట వెళ్లింది తారాతారిణికి. పక్కింటి పిన్ని మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తూ నన్నూ రమ్మంది. పురుషోత్తంపూర్ దగ్గర రుషికుల్య ఒడ్డున కొండ, 999 మెట్లు. ఎక్కలేనివాళ్లకు రోప్‌వే ఉంది. చైత్రమాసం మంగళవారం కావడంతో ఇసకేస్తే రాలని జనం. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మావయ్య వాడి తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. గుండు మీద పసుపు రాయగానే, చల్లగా తగిలిందేమో, ఏడుపు ఆపి అందరినీ చూశాడు.

లోపల హారతి నా దాకా వచ్చేసరికి కాళ్లు వణికాయి. పిన్ని చెవిలో "నీకు ఇష్టమైతే తీసుకో, లేకపోతే ఊరికే నిలబడమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు" అంది. నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు.

తప్పు బయటికొచ్చాక చేశాను. చెప్పులు వేసుకోవడానికి వంగి, ప్రసాదం పొట్లం చెప్పుల పక్కనే నేల మీద పెట్టాను. ఎవరో ముసలావిడ పరుగున వచ్చి దాన్ని తీసి, కళ్లకద్దుకుని, నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఒక్క మాటా అనలేదు. ఆ పొట్లాన్ని ఇంటిదాకా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. కాబట్టి నా మాట వినండి: ప్రసాదం కుడిచేత్తో తీసుకోండి, నేల మీద పెట్టకండి, వద్దనుకుంటే పక్కవాళ్లకివ్వండి. ఫొటో తీసేముందు అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా చూడ్డానికి వెళ్లకండి, తెలిసిన ఇంటివాళ్లతో వాళ్ల మొక్కుకో పుట్టువెంట్రుకలకో వెళ్లండి. మీరెవరో దాచకండి. పిలిచినవాళ్ల వెంట వెళ్తే గుడి వేరేగా కనిపిస్తుంది.

బరంపురంలోనే ఉంటారు కాబట్టి రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర తప్పకుండా చూడండి. అమ్మవారు ఆడపడుచులా పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టింటివాళ్లు మన తెలుగు దేవాంగులే. వాళ్ల పెద్దను దేశీబెహరా అంటారు, ఆయన వీధిలోనే అమ్మవారికి తాత్కాలికంగా గుడి కడతారు. యాత్ర జరిగినన్నాళ్లూ రాత్రిపూట ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. మా వీధిలోకి ఘటం వచ్చే వేళకు మా అమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, బయట లైటు వేసి ఉంచుతుంది.