చార్టర్ స్కూలు అడిగిన డబ్బు కట్టాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, శాన్ హోజే దగ్గర ఉంటున్నాం. మా బాబు చార్టర్ స్కూల్లో నాలుగో తరగతి. కుటుంబానికి ఏటా 1,500 డాలర్ల విరాళం, 30 గంటల వాలంటీర్ పని తప్పనిసరి అని హ్యాండ్‌బుక్‌లో రాశారు. సంక్రాంతికి మూడు వారాలు విజయవాడ వెళ్లొచ్చాం. బాబు రాని రోజులకు స్కూలు నిధులు పోయాయి కాబట్టి 900 డాలర్లు కట్టమని ఇప్పుడు ఈమెయిల్ పంపారు. కట్టకపోతే సీటు తీసేస్తారా? మేం హెచ్-1బీ వీసా మీద ఉన్నాం.

జవాబు: కట్టనక్కర్లేదు. విరాళం, వాలంటీర్ గంటలు, గైర్హాజరీ సొమ్ము, ఈ మూడింటిలో దేన్నీ తప్పనిసరి చేసే అధికారం ఆ స్కూలుకు లేదు.

చాలామంది మనవాళ్లు చార్టర్ స్కూలును ప్రైవేటు స్కూలు అనుకుంటారు. అది పొరపాటు. నడిపేది లాభాపేక్ష లేని సంస్థే అయినా, 1992 నాటి రాష్ట్ర చట్టం కింద అది ప్రభుత్వ బడి. ఎల్‌సీఎఫ్ఎఫ్ అనే సూత్రం ప్రకారం ప్రతి పిల్లవాడికీ ఇంత అని లెక్కగట్టి, రాష్ట్ర ఖజానా నుంచి కొంత, స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (ఆ ప్రాంతంలో మామూలు ప్రభుత్వ బడులను నడిపే సంస్థకు) వచ్చే ఆస్తి పన్నులోంచి కొంత ఇస్తారు. అందుకే ట్యూషన్ ఫీజు వసూలు చేయకూడదు. 2019లో వచ్చిన ఎస్‌బీ 126 చట్టంతో బహిరంగ సమావేశాల నియమాలు, రికార్డులు చూపించే బాధ్యత కూడా ఈ స్కూళ్లకు వర్తిస్తాయి. మీ విరాళాలు ఎటు పోతున్నాయో అడిగే హక్కు మీకుంది.

స్కూలు చెప్పే నష్టం మాత్రం నిజమే. కాలిఫోర్నియాలో డబ్బు ఇచ్చేది పేరు నమోదైనందుకు కాదు, సగటు రోజువారీ హాజరును బట్టి. జ్వరమొచ్చి మానేసినా ఆ రోజు లెక్కలోకి రాదు. ఆ లెక్క ఏప్రిల్ మధ్యలో తేలుతుంది. అప్పటికి 140 రోజులు బడి జరిగి, మీ బాబు 15 రోజులు రాలేదనుకోండి. దాదాపు 11 శాతం హాజరు పోయినట్టు. పిల్లవాడికి ఏడాదికి 10,000 డాలర్లు వస్తాయనుకుంటే, వెయ్యి డాలర్లకు పైగా కోత పడుతుంది. మామూలు డిస్ట్రిక్ట్‌కు పాత ఏళ్ల హాజరును లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది. చార్టర్ స్కూలుకు ఈ ఏడాది హాజరే ఆధారం. వాళ్ల ఆత్రానికి కారణం అదే. కానీ ఆ లోటును తల్లిదండ్రుల మీద రుద్దడం చట్టవిరుద్ధం.

విద్యా చట్టంలో సెక్షన్ 49010, 49011 చూడండి. చదువులో భాగమైన దేనికీ ఫీజు తీసుకోకూడదు. పుస్తకాలు, సామగ్రి, లాకర్ డిపాజిట్ అన్నీ ఇందులోకే వస్తాయి. పేదవారికి మినహాయింపు ఇస్తున్నాం అన్నంత మాత్రాన ఆ ఫీజు చట్టబద్ధం కాదు. వాలంటీర్ గంటల సంగతి ఇంకా స్పష్టం: చేర్చుకోవడానికి గానీ, కొనసాగించడానికి గానీ వాటిని షరతుగా పెట్టకూడదని సెక్షన్ 47605లోనే ఉంది. ఇష్టపూర్వకంగా విరాళం అడగడంలో తప్పు లేదు. ‘తప్పనిసరి’, ‘బకాయి’ అన్న మాటలు వచ్చాయంటే మాత్రం అది విరాళం కాదు, ఫీజు. అయితే స్కూలు పుస్తకం పోగొడితే దాని ఖరీదు అడగొచ్చు. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీని, 900 డాలర్ల ఈమెయిల్‌ను, ఇదివరకు కట్టిన రసీదులను భద్రపరచండి. టీచరుతో నోటిమాటగా చెప్పి ఊరుకుంటే అది ఫిర్యాదు కింద లెక్కకు రాదు. ఎక్కువ కేసులు నీరుగారేది ఇక్కడే. యూనిఫాం కంప్లయింట్ ప్రొసీజర్ (బడుల మీద ఫిర్యాదులకు రాష్ట్రమంతటా ఒకే రకంగా ఉన్న పద్ధతి) కింద ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా ఇవ్వండి. తేదీలు, మొత్తాలు రాసి, సెక్షన్ 49011 ప్రస్తావించి, మీకే కాక డబ్బు కట్టిన కుటుంబాలన్నిటికీ తిరిగి ఇప్పించమని కోరండి. ఫిర్యాదు నిజమని తేలితే ఆ పరిహారం అందరికీ వర్తించాలని చట్టమే చెబుతోంది. ఆధారాలు జత చేస్తే పేరు లేకుండానూ ఇవ్వొచ్చు. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే ఇవ్వాలి కాబట్టి, పాత విరాళాలున్నా ఆలస్యం చేయొద్దు. స్కూలు 60 రోజుల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో రాష్ట్ర విద్యాశాఖకు అప్పీలు చేసుకోవచ్చు.

సీటు విషయంలో భయపడకండి. ఏ కారణంతో తొలగించాలన్నా కనీసం ఐదు బడి రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, అదీ విద్యార్థి లేదా తల్లిదండ్రుల మాతృభాషలో. విచారణ కోరే హక్కు మీది. మీరు అలా కోరితే, తుది నిర్ణయం వచ్చేదాకా బాబు ఆ బడి విద్యార్థే. ‘మీకు వేరే స్కూలైతే బాగుంటుందేమో’ అని మెల్లగా బయటికి నెట్టడం కూడా నిషిద్ధమే. అలా జరిగితే, ఆ స్కూలుకు చార్టర్ (బడి నడిపే అనుమతి) ఇచ్చిన డిస్ట్రిక్ట్ లేదా కౌంటీ బోర్డుకు ఫిర్యాదు చేయండి. అందుకు ఫారం రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. తొలగిస్తామన్న కాగితం చేతికొచ్చిందంటే మాత్రం స్థానిక లాయరును వెంటనే కలవండి, ఎందుకంటే ఆ ఐదు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

వీసాకూ ఈ ఫిర్యాదుకూ సంబంధం లేదు. పిల్లలు ప్రభుత్వ బడిలో చదవడాన్ని పబ్లిక్ చార్జ్‌గా (ప్రభుత్వ సాయం మీద ఆధారపడి బతకడంగా) పరిగణించరు. ఇమిగ్రేషన్ వివరాలు సేకరించడానికి స్కూలుకు సాధారణంగా అధికారం లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగినా, ఏ చట్టం కింద అడుగుతున్నారో రాసిమ్మనండి.

మళ్లీ ఇండియా వెళ్లేటప్పుడు టికెట్లు కొన్న వెంటనే స్కూలుతో మాట్లాడి ఇండిపెండెంట్ స్టడీ (బడికి రాకుండానే ఇచ్చిన పని చేసే) ఒప్పందం కావాలని అడగండి. ప్రయాణానికి ముందే సంతకాలు చేయించండి. ఆ ఒప్పందం కింద ఇచ్చిన పని పూర్తి చేసి అప్పగిస్తే ఆ రోజులు హాజరుగానే లెక్కకొస్తాయి, స్కూలుకూ నిధులు పోవు. వర్క్‌షీట్లు సూట్‌కేసులోనే ఉండిపోయి అప్పగించకపోతే, ఒప్పందం ఉన్నా ఆ రోజులు గైర్హాజరే.