లెబనాన్ ప్రశ్నకు సమాధానం

లెబనాన్‌కు రెండేళ్లకు పైగా అధ్యక్షుడు లేకపోవడానికి కారణం విదేశాల పోటీయా, లోపలి రాజకీయమా అని, గుంటూరులో గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న మీరు అడిగారు. ఆ రెండింటినీ విడదీయబోవడమే మీ వ్యాసాన్ని చిక్కుల్లో పెడుతోందని నా అభిప్రాయం. విజయవాడలో మాతో కలిసి చదివేవారిలోనూ ఇదే తడబాటు చూశాను.

1943 నాటి అలిఖిత జాతీయ ఒప్పందం ప్రకారం అక్కడ అధ్యక్షుడు మరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా అయి ఉండాలి. పదవులు ఇలా వర్గాలవారీగా పంచుకున్నందువల్ల నాయకులు బయటి అండను వెతుక్కున్నారు: షియా సాయుధ పార్టీ హిజ్బుల్లాకు ఇరాన్, సున్నీ నాయకులలో పలువురికి సౌదీ అరేబియా దన్నుగా నిలిచాయి. 128 మంది సభ్యుల పార్లమెంటులో అధ్యక్ష ఎన్నికకు కనీసం 86 మంది హాజరు కావలసి ఉండటంతో, ఒక పక్షం సభ నుంచి లేచిపోయినా ఎన్నిక నిలిచిపోయేది.

2022 అక్టోబరు చివర అధ్యక్షుడు మిషెల్ ఔన్ దిగిపోయాక ఖాళీగా ఉన్న పదవి, 2024లో ఇజ్రాయెల్‌తో యుద్ధం హిజ్బుల్లాను బలహీనపరచి, డిసెంబరులో సిరియాలో దాని మిత్రుడైన అధ్యక్షుడు అసద్ ప్రభుత్వం కూలిన తరువాత, రాజ్యాంగంలో ఒక్క అక్షరమూ మారకుండానే 2025 జనవరి 9న భర్తీ అయింది. అప్పటి సైన్యాధిపతి జోసెఫ్ ఔన్‌కు రెండో విడతలో 99 ఓట్లు వచ్చాయి. మీ వ్యాసాన్ని కోరం (కనీసం 86 మంది హాజరు) నిబంధనతో మొదలుపెట్టి, ఈ తేదీల వరుసలో నడపండి. చోటుంటే, 2008లో ఖతార్ రాజధాని దోహాలో ఒప్పందం కుదిరాకే మిషెల్ సులేమాన్ అధ్యక్షుడిగా ఎన్నికైన ఉదంతాన్నీ చేర్చండి.